స్లాబు పైన అడుగులు - ఇంటి లోపల చినుకులు

కర్నూలు, నంద్యాల జిల్లాల పల్లెల్లో మట్టి మిద్దెలు తగ్గి స్లాబు ఇళ్లు పెరిగాయి. ఏటా చౌడు మోసే బాధ తప్పిందని, వాన వస్తే ఇల్లంతా గిన్నెలు, బకెట్లు పరిచే అవస్థ తీరిందని సంబరపడిన కుటుంబాలే ఇప్పుడు మళ్లీ అవే గిన్నెలు వెతుక్కుంటున్నాయి. కట్టి పదేళ్లు నిండని స్లాబులు కారుతున్నాయి. లోపలి కప్పు నుంచి పెచ్చులు రాలి మంచం మీద పడుతున్నాయి. కాంట్రాక్టరు సిమెంటు మింగాడని కొందరు, ఇసుకలో మన్ను కలిసిందని కొందరు, చాలినన్ని రోజులు నీళ్లు పట్టలేదని మరికొందరు అంటున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. కాని తప్పంతా కట్టినవారిదే అనుకుంటే పొరపాటు. చాలా ఇళ్లలో స్లాబు చెడిపోవడం పైనుంచి మొదలవుతోంది. రోజూ దానిమీద తిరిగే కాళ్లు, ఈడ్చే మూటలు, మంచం కోళ్లు ఆ పని చేస్తున్నాయి.

ఈ సంగతి ఇప్పుడే ఆలోచించవలసి రావడానికి కారణం వుంది. ఇంటిపైన సౌర విద్యుత్తు పలకలు పెట్టుకొనే ప్రధానమంత్రి సూర్యఘర్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించింది. దేశంలో కోటి ఇళ్లకు పలకలు పెట్టించడం లక్ష్యం. రెండు కిలోవాట్లకు 60 వేల రూపాయలు, మూడు కిలోవాట్లు ఆ పైన అయితే 78 వేల రూపాయలు కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు రెండు కిలోవాట్ల వరకు ఖర్చు లేకుండా పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంతవరకు పంట ఆరబోసే రెండు మూడు నెలలే ఎక్కువగా పనికి వచ్చిన స్లాబు ఇక ఏడాది పొడుగునా మనుషులు ఎక్కి దిగే చోటు కాబోతున్నది. పలకల ఆయుష్షు పాతికేళ్లు. వాటిని మోయవలసిన స్లాబు పైపూత చాలా ఇళ్లలో ఐదేళ్లు కూడా నిలవడం లేదు. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందన్నది పథకం గురించి చెప్పేవారు చెప్పడం లేదు, పెట్టించుకొనేవారు అడగడం లేదు.

చౌడు మోసిన కాలం

మట్టి మిద్దెల రోజుల్లో ఇంటిపైకి ఎక్కడానికి కట్టుబాట్లు వుండేవి. దూలాలు, వాటిపైన దంతెలు, ఆ పైన బండలో కట్టెలో పరిచి, ఆకూ అలమూ వేసి, మన్ను పోసి, అన్నిటికన్నా పైన చౌడు పరిచేవారు. చౌడులో సోడియం ఎక్కువ. అది తడిసినప్పుడు మన్ను రేణువులు మెత్తగా విడిపోయి సందులన్నీ మూసుకుంటాయి. అందుకే వాన నీరు లోపలికి దిగకుండా జారిపోయేది. రైతుకు ఈ శాస్త్రం తెలియకపోవచ్చు గాని పని తెలుసు. మృగశిర కార్తె రాకముందే బండి కట్టి చౌడు తోలుకొచ్చి, గంపలతో మిద్దెకెక్కించి, ఎక్కడ పల్లం పడిందో చూసి అక్కడ ఎక్కువ పోసేవారు. నీళ్ల గొట్టం దగ్గర కసువు తీసేవారు. మిద్దె తడిగా వున్నన్ని రోజులు పైన ఎవరినీ కాలు పెట్టనిచ్చేవారు కాదు. పిల్లలు ఎగిరితే గవాచిలోనుంచి మన్ను రాలుతుందని కింద అవ్వ కేకలు పెట్టేది. తడి మన్నులో మడమ దిగిన చోట గుంట పడుతుంది, గుంటలో నీరు నిలుస్తుంది, నిలిచిన నీరు కిందికి దిగుతుంది. ఇంతే లెక్క.

ఆ మిద్దెలు గొప్పవని ఇప్పుడు పొగడనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినప్పుడు మంత్రాలయం మొదలు కర్నూలు దాకా ఏటిగట్టు ఊళ్లలో మట్టి గోడలు ఎలా కూలాయో ఆ ప్రాంతంవారు మరచిపోలేదు. ఆనాడు పక్కా మేడలు ఎక్కి తలదాచుకున్నవారు ఎందరో వున్నారు. స్లాబు ఇల్లు కావాలని ప్రతి కుటుంబమూ కోరుకోవడం న్యాయమే. అయితే మట్టి మిద్దెకు ఏటా రెండు రోజులు ఇచ్చిన రైతు, స్లాబుకు పదేళ్లలో ఒక పూట కూడా ఇవ్వడం లేదు. స్లాబు ఒకసారి వేస్తే ఇక బతికినన్నాళ్లు చూడనక్కరలేదన్న నమ్మకం పల్లెల్లో పాతుకుపోయింది.

కల్లం మిద్దెకెక్కింది

ఊళ్లలో కల్లాలు మాయమయ్యాయి. కల్లం చేసుకొనే స్థలాలు ఇళ్లస్థలాలయ్యాయి. తారు రోడ్డు మీద ఆరబోస్తే వాహనాలతో పేచీ, ప్రమాదాలు. ఇక మిగిలింది ఇంటి పైకప్పు. మిరప కాయలు, శనక్కాయలు, కందులు, కొర్రలు, చింతపండు, అప్పడాలు, వడియాలు అన్నీ అక్కడికే చేరాయి. ఎండకు లోటు లేదు, మేకలు రావు, రాత్రి కాపలా పడుకోవడానికి మంచం వేసుకోవచ్చు. రైతు కుటుంబానికి స్లాబు ఒక ఎకరా అంత అక్కరకు వస్తోంది. కనుక మిద్దె ఎక్కవద్దు అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. వినేవారు వుండరు, వినవలసిన పని కూడా లేదు.

ఇబ్బంది ఎక్కడంలో లేదు, ఎక్కిన తర్వాత చేసే పనిలో వుంది. మిరప మూటను ఇద్దరు మోసేదానికి బదులు ఒకరు ఈడుస్తారు. మూట కింద రాతి పలుకు ఒకటి చిక్కితే అది స్లాబు మీద నాగలి చాలు గీసినట్లు గీసుకుంటూ పోతుంది. శనక్కాయలు రాలగొట్టడానికి కట్టెతో బాదుతారు. ఆరిన కందికట్టె మీద కర్రలతో కొడతారు. వేరే చోటు లేదని కారం దంచే రోలు కూడా కొందరు పైకే చేర్చారు. ఆరిన పంటను ఇనుప పారతో ఎత్తుతారు. చెక్క పావడాతోనో చేటతోనో ఎత్తవలసినదాన్ని పారతో ఎత్తితే ప్రతి ఊపుకూ పైపూత కొంచెం కొంచెం లేచి వస్తుంది. వేసవిలో ఇనుప మంచాలు ఎక్కుతాయి. కోళ్లకు రబ్బరు బుడిపెలు ఎప్పుడో వూడిపోయి వుంటాయి. రాత్రంతా మనిషి అటూ ఇటూ దొర్లినప్పుడల్లా ఆ గొట్టం అంచు ఒకేచోట గుచ్చుతూ వుంటుంది.

ఇక పైకి వచ్చే బయటివారు వున్నారు. డిష్ పెట్టేవాడు పిట్టగోడకు బిగించవలసినదాన్ని నేరుగా స్లాబులో నాలుగు మేకులు దించి పోతాడు. కేబులు వైరు లాగేవాడికి ఎవరి మిద్దె అయినా ఒకటే. నీళ్ల ట్యాంకు పెట్టే ప్లంబరు గొట్టాలు కోసి ఆ ముక్కలు, మేకులు అక్కడే వదిలేస్తాడు. తర్వాత ఎవరి చెప్పు కింద అవి నలిగినా దెబ్బ తగిలేది స్లాబుకే.

అడుగు చేసే పని

మనిషి నడిచినంత మాత్రాన కాంక్రీటు పగలదు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నాలుగైదు అంగుళాల మందాన ఇనుపకడ్డీలతో వేసిన స్లాబుకు మనిషి అడుగు లెక్కలోది కాదు. దెబ్బ తినేది దాని చర్మం. స్లాబు మీద వేసిన సిమెంటు పూత గాని, సున్నం గచ్చు గాని, డాంబరు షీటు గాని, ఈమధ్య వస్తున్న తెల్ల రంగు గాని నీటిని ఆపేది అదే. చెప్పుల కింద చిక్కిన ఇసుక గరుకు కాగితంలా ఆ చర్మాన్ని అరగదీస్తుంది. అందరూ ఒకే దారిన నడుస్తారు గనుక మెట్ల నుంచి ట్యాంకు దాకా, మెట్ల నుంచి బట్టల తీగ దాకా బాట పడుతుంది. వాన వెలిసిన తర్వాత పైకెక్కి చూస్తే ఆ బాట వెంబడే నీరు ఆరకుండా వుంటుంది.

అక్కడి నుంచి కథ నిదానంగా నడుస్తుంది. ఎండకు సాగి చలికి ముడుచుకొనే స్లాబులో వెంట్రుకంత పగుళ్లు ఎలాగూ వుంటాయి. పైన చర్మం బాగున్నంత కాలం వాటివల్ల హాని లేదు. చర్మం అరిగిన చోట ఆ పగుళ్లు నీటిని తాగుతాయి. నీరు, గాలి కలిసి లోపలి కడ్డీని తుప్పు పట్టిస్తాయి. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. లోపల కడ్డీ ఉబ్బితే దాన్ని కప్పిన కాంక్రీటును కిందికి తోస్తుంది. నియమం ప్రకారం స్లాబులో కడ్డీ కింద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు అయినా వుండాలి. పల్లె పనుల్లో కొన్నిచోట్ల కడ్డీ చెక్కపలకకు ఆనుకొనే వుంటుంది. ఇక పెచ్చులు రాలకేం చేస్తాయి? పెచ్చు రాలినప్పుడు ఇంటాయన కింద సిమెంటు మెత్తించి సున్నం కొడతాడు. పైన చూడడు. మరుసటేడు పక్కనే ఇంకో పెచ్చు వూడుతుంది.

పంట ఆరబోసే ఇళ్లలో ఇంకో చిక్కు వుంది. మిరప గింజలు, శనక్కాయ పొట్టు, వేపాకు కలిసి వాన నీళ్ల గొట్టాన్ని మూసేస్తాయి. నాలుగు అడుగులకు అర అంగుళం చొప్పున వాలు పెట్టిన స్లాబు మీద కూడా గొట్టం మూసుకుపోతే నీరు చెరువులా నిలుస్తుంది. ఆ నీటిలో చెప్పులతో నడిచి చీపురుతో తోసేస్తే పని అయిపోయిందనుకుంటారు. నానిన పూత ఎండిన పూతకన్నా తొందరగా అరుగుతుంది. మట్టి మిద్దెమీద అవ్వ వేసిన కేక ఇక్కడా పనికి వచ్చేదే.

కాలనీ ఇళ్ల సంగతి

సొంతంగా కట్టుకున్నవారిలో స్తోమత వున్నవారు స్లాబు మీద ఏదో ఒక పూత వేయించుకుంటున్నారు. బాధంతా ప్రభుత్వ సాయంతో కట్టిన కాలనీ ఇళ్లది. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్లు గాని, 2021 నుంచి కట్టిన జగనన్న కాలనీల ఇళ్లు గాని ఒకే తీరు. జగనన్న కాలనీలలో 340 చదరపు అడుగుల ఇంటికి లక్షా 80 వేల రూపాయలు లెక్క కట్టారు. ఆ డబ్బుకు గోడలు లేచి స్లాబు పడడమే గగనమైంది. అప్పు చేసి తలుపులు పెట్టుకున్నవారు వున్నారు. ఇక స్లాబు మీద పూతకు, పిట్టగోడకు, మెట్లకు మిగిలేది ఏముంటుంది? బిల్లు స్లాబు పడేవరకే చూస్తుంది, వాన దానితో ఆగదు.

మెట్లు లేని ఇంటిమీదికి నిచ్చెన వేసుకొని ఎక్కుతారు. నిచ్చెన ఎప్పుడూ ఒకే చోట ఆనుతుంది. ఆ చోట స్లాబు అంచు పెళుసు పెళుసుగా రాలి కడ్డీ మొన బయటపడిన ఇళ్లు ఏ కాలనీలోనైనా కనిపిస్తాయి. నిచ్చెన తలకు పాత సైకిలు టైరు ముక్క చుట్టితే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. దానికి ఖర్చు లేదు. పిట్టగోడ లేని స్లాబు మీద మరో ప్రమాదం మనుషులకే. తెల్లవారుజామున నిద్రమత్తులో దిగబోయి పడేవారున్నారు. పక్కనే కరెంటు తీగలు పోయే ఇళ్లలో ఇనుప నిచ్చెన ఎత్తడం ఇంకా ప్రమాదం.

పాతికేళ్ల పలక, ఐదేళ్ల పూత

ఇటువంటి స్లాబుల మీదికి ఇప్పుడు సౌర పలకలు వస్తున్నాయి. ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగులు కావాలి. రెండు కిలోవాట్లు పెడితే 200 అడుగులు. 340 అడుగుల స్లాబులో సగానికిపైగా పోయినట్లే. మిగిలిన 140 అడుగులలోనే ట్యాంకు, బట్టల తీగ, మిరపకాయలు, మంచం అన్నీ సర్దుకోవాలి. ఇంతకు ముందు నలుమూలలా పడిన అడుగులన్నీ ఇక ఆ ఇరుకు బాట మీదనే పడతాయి. ముందు అరిగేది అదే.

రెండు కిలోవాట్ల పలకలు రోజుకు ఎనిమిది యూనిట్లు, నెలకు 240 యూనిట్ల దాకా కరెంటు ఇస్తాయి. పేద ఇంటికి ఇది చిన్న లాభం కాదు. దీన్ని వద్దనుకోవలసిన అవసరమూ లేదు. అయితే పలకలు దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. మన జిల్లాల ఎండకు, ఎర్రమట్టి దుమ్ముకు నెలకు ఒకటి రెండుసార్లయినా కడగవలసిందే. కడిగిన నీళ్లు, కడిగే మనిషి అడుగులు పాతికేళ్లపాటు ఆ స్లాబు మీదనే పడతాయి.

అంతకన్నా ముఖ్యం బిగించే రోజు. పనివాళ్లు బూట్లతో ఎక్కుతారు. ఇనుప చట్రాలు దింపి ఈడుస్తారు. స్లాబుకు బెజ్జాలు వేసి బోల్టులు బిగిస్తారు. నాలుగు అంగుళాల స్లాబులో మూడు అంగుళాల బెజ్జం పడితే అడుగున మిగిలేది ఎంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. బోల్టు చుట్టూ సరిగా పూయకపోతే పలకలు పెట్టిన మొదటి వానకే ఇల్లు కారుతుంది. అప్పుడు పలకలు పెట్టినవాడు స్లాబు పాతదంటాడు, ఇంటివాడు నువ్వే పొడిచావంటాడు. పలకలు తీసి మళ్లీ పూత వేయించాలంటే దించడానికి, ఎత్తడానికి మళ్లీ డబ్బు. కనుక పూత ముందు, పలక తర్వాత. ఈ వరుస తారుమారైతే కరెంటు బిల్లులో మిగిలింది బేల్దారికి పోతుంది.

బెజ్జాలు లేకుండా కూడా పెట్టవచ్చు. స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి వాటిలో చట్రం కాళ్లు నిలపడం వాడుకలో వున్న పద్ధతే. అయితే దిమ్మెలు తేలికగా పోస్తే వైశాఖ మాసపు గాలివానకు పలకలు లేచిపోతాయి. బరువు ఎంత వుండాలో లెక్క కట్టి చెప్పవలసింది ఇంజనీరు, బిగించే కుర్రవాడు కాదు. దిమ్మెలను గోడలమీద, దూలాలమీద వచ్చేటట్లు పెడితే బరువు నేరుగా పునాదికి దిగుతుంది. నట్టనడుమ పెడితే స్లాబు మోయాలి. చట్రం ఎత్తు కూడా చూసుకోవాలి. పలక కింద చీపురు దూరే ఎత్తు లేకపోతే అక్కడ ఆకు, మట్టి చేరి తేమ నిలుస్తుంది. ఆ చోటు ఎవరి కంటా పడదు.

బేతంచెర్ల బండ

నడిచే మిద్దెకు ఏం వేయాలన్నది అసలు ప్రశ్న. వెనుకటి మాళిగల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పోసి, కూలీలు వరుసగా కూర్చొని కట్టెలతో రోజుల తరబడి కొట్టేవారు. బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లేవారు. ఆ గచ్చు మీద రెండు తరాలు నడిచినా చెక్కు చెదరనివి వున్నాయి. ఇప్పుడు ఆ పని తెలిసినవారు తక్కువ, అంతసేపు కొట్టించే ఓపికా తక్కువ.

డాంబరు షీటు నీటిని బాగా ఆపుతుంది గాని మన ఎండకు మెత్తబడుతుంది. దాని మీద మంచం కోడు దిగబడుతుంది. ఎవరూ ఎక్కని స్లాబుకే అది తగినది, లేదా దానిపైన బండలో పెంకులో పరవాలి. తెల్లరంగు పూత ఇంటిలో వేడి తగ్గిస్తుంది. పక్కన తెలంగాణలో 2023లో చల్లని పైకప్పులకు ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించారు. ఆ పూత నడకకు ఓర్చదు. రెండు మూడేళ్లకు మళ్లీ వేయాలి. తడిసినప్పుడు కొన్ని జారుతాయి కూడా. దాని మీద మిరపకాయలు పోస్తే తెలుపు పోయి వేడి తగ్గే గుణమూ పోతుంది.

మన దగ్గర చేతికి అందే వస్తువు ఒకటి వుంది. బేతంచెర్ల నాపబండ. దేశమంతా ఇళ్లలో పరుచుకొనే ఈ బండను మన పల్లెల్లో మిద్దె మీద నడిచే దారికి వాడేవారు తక్కువ. ఇంటి మొత్తం మీద పరిస్తే బాగుంటుందని కొందరు అనుకుంటారు. అక్కడే లెక్క చూసుకోవాలి. అంగుళం మందం బండ, దాని కింద అంగుళం సిమెంటు కలిసి చదరపు మీటరుకు 115 కిలోల దాకా తూగుతాయి. 340 అడుగుల స్లాబు మీద మొత్తం పరిస్తే మూడున్నర టన్నులకు పైబడుతుంది. ఆ బరువు లెక్కలో పెట్టుకొని వేయని స్లాబు మీద అంత భారం మోపడం మంచిది కాదు. అదే మెట్ల నుంచి ట్యాంకు, పలకల వరకు రెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున బాట మాత్రం పరిస్తే నాలుగు వందల కిలోల పైచిలుకుతో సరిపోతుంది. నడక అంతా ఆ బాట మీదనే సాగితే మిగిలిన పూత పదిలంగా వుంటుంది.

బండలను వుత్తగా పరిచి వదిలేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. అడుగు వేసినప్పుడల్లా బండ కదిలి దాని అంచు పూతను కోస్తుంది. సందుల్లో మన్ను చేరి గడ్డి మొలుస్తుంది. సిమెంటులో కదలకుండా కూర్చోబెట్టి, అతుకులు పూడ్చి, నీరు గొట్టంవైపు పోవడానికి బాటకు అక్కడక్కడ జానెడు సందు వదలాలి. బండలకు స్తోమత లేనివారు పంట రోజుల్లో స్లాబు మీద పట్ట, దాని మీద గోతాలు పరిచి ఆరబోసినా, మూట ఈడ్వకుండా మోసినా సగం నష్టం తగ్గుతుంది. పలకలు బిగించే రోజున పనివాళ్లు నడిచే చోట చెక్కపలకలు వేయించడం ఇంటివారి చేతిలో పని. సెంట్రింగు పలకలు అద్దెకు దొరకని ఊరు లేదు.

స్లాబు ఎంత మోస్తుంది?

మనుషులు ఎక్కే చదును మిద్దె చదరపు మీటరుకు 150 కిలోలు మోసేటట్లు, మరమ్మతుకు తప్ప ఎవరూ ఎక్కని మిద్దె 75 కిలోలు మోసేటట్లు కట్టాలని భారత ప్రమాణాల సంస్థ నియమం. మెట్లు లేని కాలనీ ఇంటిని ఏ లెక్కన కట్టారో ఇంటివారికి తెలిసే అవకాశం లేదు. ఆరబోసిన మిరపకాయలు ఈ లెక్కకు అడ్డం రావు. కాని ఇల్లు పైకి లేపడానికి తెచ్చిన ఇసుక అడుగు ఎత్తున పోస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను, అదీ ఒక గజం చోటులో. ధాన్యం బస్తాలు ఐదారు వరుసలు పేర్చినా ఇంతే. తేరునాడు, పీర్ల పండుగనాడు స్లాబు అంచున జనం ఒకరినొకరు ఆనుకొని నిలబడితే చదరపు మీటరుకు నలుగురైదుగురు, 250 కిలోలకు పైమాటే. ముందుకు పొడుచుకొచ్చిన వరండా స్లాబు మీద అలా నిలబడడం మరీ ప్రమాదం. ట్యాంకు గోడ మీద, ఇసుక నేల మీద, జనం కిందనే వుండడం మేలు.

పూచీ ఎవరిది?

సూర్యఘర్ కింద పలకలు పెట్టినవారు ఐదేళ్లు వాటి బాగోగులు చూడాలి. ఆ పూచీ పలకలది. పలకల కింద స్లాబు కారితే ఎవరు బాగుచేయాలన్నది ఒప్పందం కాగితంలో విడిగా రాయించుకోవలసిన సంగతి. ఎన్ని బెజ్జాలు వేస్తారు, దేనితో పూడుస్తారు, వాన కారితే ఎన్నాళ్లవరకు వచ్చి చూస్తారు అని మూడు మాటలు రాయమంటే నిజంగా పని తెలిసినవారు వెనకాడరు. ఉచితంగా వస్తున్నదని ఏ మాటా అడగకుండా వేలిముద్ర వేసే కుటుంబాలకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థదీ, ఊరి సచివాలయానిదీ. ప్రతి సచివాలయానికీ ఒక ఇంజనీరింగ్ అసిస్టెంటు వుండాలని 2019లోనే ఏర్పాటు చేశారు. పలకలకు దరఖాస్తు పెట్టిన ఇంటి స్లాబు ఎక్కి చూసి, పగుళ్లు వున్నాయా, కడ్డీ బయటపడిందా, గొట్టం పనిచేస్తోందా అని రాసి ఇవ్వడం ఆయనకు ఒక పూట పని. కారే స్లాబు అయితే ముందు పూతకు కొంత సాయం చేసి తర్వాత పలకలు పెట్టించడం ప్రభుత్వానికి కూడా దండుగ కాదు. ఒకే ఇంటికి గృహనిర్మాణ శాఖ డబ్బు ఒకసారి, విద్యుత్తు శాఖ డబ్బు ఒకసారి పోతున్నప్పుడు ఆ రెంటి మధ్య స్లాబు చర్మం ఎవరికీ పట్టని వస్తువైంది.

ఇంటివారు ఎవరి రాక కోసమూ ఎదురుచూడకుండా చేసుకోదగిన పరీక్ష ఒకటి వుంది. వేసవి చివర, వానలకు ముందు, స్లాబును శుభ్రంగా ఊడ్చి, వాన నీళ్ల గొట్టం మూతిని గుడ్డతో బిగించి, పిట్టగోడ లేనిచోట అంచున మన్ను కట్టవేసి, రెండు అంగుళాల ఎత్తున నీళ్లు నిలపాలి. ఆ నీళ్ల బరువు చదరపు మీటరుకు 50 కిలోలే. నీళ్లు పెట్టేముందే కింద పెచ్చులు రాలే ఇంటిలో మాత్రం ఈ పని చేయకుండా ముందు బేల్దారికి చూపించాలి. ఒక పగలు, ఒక రాత్రి అలాగే వుంచి, కింద లోకప్పు మీద ఎక్కడ చెమ్మ వస్తే అక్కడ బొగ్గుతో గుర్తు పెట్టుకోవాలి. తర్వాత నీళ్లు వదిలి, పైకెక్కి ఆ గుర్తులకు సరిగా ఎదురుగా చూస్తే చాలా ఇళ్లలో అక్కడే నడిచే బాటో, మంచం కోడు గుంటో, డిష్ మేకో కనిపిస్తుంది. ఆ చోటు వరకు పూత గీకి, పగులు శుభ్రం చేసి, కొత్త పూత వేయడానికి ఒక బేల్దారి, ఒక కూలీ, ఒక రోజు చాలు. పూత వేసిన తర్వాత వారం రోజులు తడుపుతూ, ఆ వారం రోజులూ ఎవరినీ పైకి ఎక్కనివ్వకూడదు.